అలల అంచనాకు మార్కులు వేసేదెవరు?

ప్రశ్న: రేపు అలలు ఇంత ఎత్తు అంటారు. అది నిజమైందో లేదో ఎవరైనా చూస్తారా? – ఓ పాఠకుడు, భీమిలి

జవాబు: చూస్తారండీ. మీ దగ్గర్లోనే, విశాఖ తీరానికి కాస్త అవతల, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ వాళ్ల పసుపు బోయా (నీటిపై తేలే కొలత పరికరం) లంగరేసి ఉంటుంది. అలతో పాటు లేస్తూ పడుతూ ఎత్తు కొలిచి పంపుతుంది. అలల ఎత్తును ముందే అంచనా వేసే కంప్యూటర్ మోడల్ లెక్కను దాని పక్కన పెట్టి సరిచూస్తారు.

ఇక్కడే తిరకాసు. బోయా లెక్క పెరిగినప్పుడల్లా మోడల్‌దీ పెరిగితే ‘సహసంబంధం 0.95’ అని మురిసిపోతారు (రెండూ ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె ఇది; 1 అయితే పూర్తిగా కలిసినట్టు). కానీ ప్రతిసారీ అర మీటరు తక్కువే చెబుతుంటే? సహసంబంధం చెక్కుచెదరదు, పడవ మాత్రం ప్రమాదంలో పడుతుంది. అందుకే సగటు తేడా కూడా అడగాలి. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: ‘రేపూ ఇవాళ్టిలాగే ఉంటుంది’ అనే ఊరికే చెప్పే మాటను మోడల్ ఓడించిందా? సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఆ మాటే చాలాసార్లు గెలుస్తుంది. తుపాను రోజులను విడిగా లెక్కేయాలి.

లోతు నీళ్ల అంచనాను సరిచూడటానికైతే ఆర్గో ఫ్లోట్లున్నాయి, అంటే నీటిలో మునిగి తేలే కొలత యంత్రాలు. 2000 మీటర్ల దాకా దిగి, సుమారు 10 రోజులకోసారి ఉష్ణోగ్రత, లవణీయత మోసుకొస్తాయి. అయితే ఆ కొలతలనే ముందు మోడల్‌కు ఎక్కించి, మళ్లీ వాటితోనే పరీక్ష పెడితే అది లీకైన ప్రశ్నపత్రమే. కొన్నింటిని పక్కన దాచి, వాటితో పరీక్షించాలి.