తప్పుడు సలహాతో పోయిన భృతి

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. జబ్బుపడినవారినో వికలాంగులనో చూసుకునేవారికి ప్రభుత్వమిచ్చే కేరర్స్ అలవెన్స్‌కు అర్హత లేదని ఆఫీసువాళ్లు ఫోన్‌లో చెబితే దరఖాస్తు పెట్టలేదు. ఏడాది తర్వాత, అర్హత ఉందని తెలిసింది. పోయిన డబ్బు వస్తుందా?

జవాబు: ముందు వెంటనే దరఖాస్తు పెట్టండి. 3 నెలల వరకు వెనక్కి లెక్కగట్టి ఇస్తారు. అంతకు ముందు కాలానికి అప్పీలు కుదరదు, అసలు నిర్ణయమే వెలువడలేదు కదా. ఈ భృతి ఇచ్చే ప్రభుత్వ శాఖకే ఫిర్యాదు రాసి ‘స్పెషల్ పేమెంట్’ (శాఖ తప్పు వల్ల కలిగిన నష్టానికి ఇచ్చే పరిహారం) అడగండి. అది హక్కు కాదు, వాళ్ల విచక్షణ. అందుకే రుజువే ప్రాణం: ఫోన్ చేసిన తేదీ, మీరు అడిగిన ప్రశ్న, వాళ్లన్న మాట. కాల్ రికార్డింగు, నోట్సు ఇమ్మని రాయండి. ఉచితం, మామూలుగా నెలలో ఇవ్వాలి. రికార్డింగులు ఎల్లకాలం ఉంచరు, దయచేసి ఆలస్యం చేయకండి. తుది జవాబు నచ్చకపోతే 6 నెలల్లోగా, ఆ శాఖపై ఫిర్యాదులను విడిగా పరిశీలించే ఇండిపెండెంట్ కేస్ ఎగ్జామినర్‌కు, ఆపైన మీ ఎంపీ ద్వారా, ప్రభుత్వ శాఖలపై ఫిర్యాదులు విచారించే పార్లమెంటరీ అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి.