తాళంచెవి పోయిందని తలుపు పగలగొట్టకు

అమ్మడూ,

తాళంచెవుల గుత్తి పోయి ఇంట్లోకి వెళ్ళలేకపోతున్నానని నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పావే, ఆ గొంతు విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఫ్రెండ్ ఇంటికెళ్ళి పడుకున్నావు, మంచి పని చేశావు. లోపల స్టవ్ వెలుగుతున్నా, చంటిపిల్ల చిక్కుకున్నా వెంటనే 101కో 112కో ఫోన్ చెయ్యాలి. అప్పుడు తలుపు పోతే పోనీ. నీకు అలాంటిదేమీ లేదు కాబట్టి టెన్షన్ పడకుండా నిదానంగా చెయ్యి.

చెన్నై పారీస్ కార్నర్‌లో హార్డ్‌వేర్ కొట్లో 30 ఏళ్ళు తాళాలు అమ్మినవాణ్ణి. తలుపు దగ్గరికెళ్ళే ముందు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకో. నిన్న పొద్దున తాళంచెవి పెట్టి తిప్పావా, ఊరికే తలుపు లాగేసి వెళ్ళావా?

ఊరికే లాగేసి ఉంటే నీ పని సులువు. మీ తలుపుకున్న నైట్ లాచ్, అంటే తలుపు లాగితే దానంతటదే పడే తాళం, దాని నాలుక ఒకపక్క ఏటవాలుగా ఉంటుంది, దాని వెనక స్ప్రింగు. మన చెన్నైలో సాయంత్రం సముద్రపు గాలికి తలుపు మూసుకుని తాళం దానంతటదే పడిపోవడం అందుకే. పాత ఎక్స్‌రే ఫిల్మునో, కూల్‌డ్రింక్ సీసా కత్తిరించిన ముక్కనో తాళానికి జానెడు పైన సందులో దూర్చి, మెల్లగా కిందికి దించు. దించుతూ తలుపును మోకాలితో ముందుకీ వెనక్కీ కాస్త కదుపు. ద్వారబంధానికి లోపల మెట్టులా ఉంటుంది, ఫిల్ము ఆ మూలలో వంగాలి. ఏటీఎం కార్డు అక్కడే విరిగిపోతుంది, పెట్టకు. పది నిమిషాల్లో రాకపోతే వదిలెయ్. తాళంచెవితో తిప్పి వెళ్ళి ఉంటే అసలు మొదలుపెట్టకు, నాలుక బిగుసుకుని ఉంటుంది.

ఇంటి ఓనర్ దగ్గర ఇంకో తాళంచెవి ఉందేమో అడిగావా? ముందు ఆ ఫోన్ చెయ్యి.

లేదంటే మార్కెట్ దగ్గర తాళంచెవులు చేసే మనిషిని పిలువు. చెయ్యి తిరిగినవాడైతే పళ్ళు కొయ్యని తాళంచెవిని లోపలికి దూర్చి, గట్టిగా అటూ ఇటూ ఆడించి బయటికి తీస్తాడు. వెలుగులో పెట్టి చూస్తే దాని మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి లోపలి పిన్నులు నొక్కిన గుర్తులు. ఆ చుక్కల దగ్గరే ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది మళ్ళీ దూరుస్తాడు. ఇలా ఎన్నోసార్లు. అరగంట పట్టినా తొందరపెట్టకు. అలా కుదరకపోతే తాళంచెవి దూరే సిలిండర్‌ను డ్రిల్ చెయ్యమను. అది ఇత్తడిది, లొంగుతుంది. కూలి ముందే మాట్లాడుకో, వాచ్‌మన్‌ని పక్కన నిలబెట్టుకో. నీ ఆధార్ అడిగితే సంతోషంగా చూపించు, అడిగేవాడే నమ్మకస్తుడు.

గడ్డపార మాత్రం వద్దమ్మా. పెరంబూర్ ఇంట్లో ఉన్నప్పుడు ఒకడు తొందరపడి గడ్డపార పెడితే తాళం చెక్కుచెదరలేదు, టేకు ద్వారబంధం మాత్రం నిలువునా చీలింది. మొత్తం కొత్త కర్ర వేయించాల్సి వచ్చింది. తాళం ఖర్చు ఎంత, ద్వారబంధం ఖర్చు ఎంత! బాల్కనీ ఎక్కి దూకుదామని కూడా అనుకోకు.

గ్రిల్ గేటుకున్న దిండుగల్ తాళాన్ని రంపపు బ్లేడుతో కోయించేసెయ్. ఆ ఊరి ప్రత్యేకత అని 2019లో జీఐ గుర్తింపు వచ్చిన చేతిపని అది, నాకు ప్రాణం. అయినా దానికోసం నువ్వు వీధిలో నిలబడక్కర్లేదు, ఇంకోటి తెచ్చిస్తాను.

తలుపు తెరుచుకుంది కదా అని ఊరుకోవద్దు. పోయిన గుత్తికి నీ ఆఫీసు ఐడీ కూడా ఉందన్నావు. ఆ రోజే కొత్త తాళం వేయించు. అదే కంపెనీది, అదే మోడల్ అయితే పాత రంధ్రాలే సరిపోతాయి. కొత్త తాళంచెవుల్లో ఒకటి మా ఇంట్లో ఉంచు. పూలకుండీ కిందా, కరెంటు మీటరు పెట్టెలోనూ పెట్టకు, దొంగ మొదట వెతికేది అక్కడే.

కొట్టుకి వెళ్ళే ముందు తలుపు మందం కొలిచి నాకు ఫోన్‌లో చెప్పు. ఏ తాళం తేవాలో చెబుతాను.

మావయ్య