ఓడ మాట్లాడుకునేటప్పుడు ఫ్రైట్ (ఓడ కిరాయి) రేటు కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ: 25,000 టన్నుల బల్క్ సరుకును మొదటిసారి సొంతంగా ఓడ మాట్లాడుకుని పంపుతున్నారు. బ్రోకర్ ద్వారా ఓనర్ ఫర్మ్ ఆఫర్ ఇచ్చాడు, సాయంత్రం 5 లోగా జవాబు కావాలన్నాడు. ఎంతవరకు బేరమాడొచ్చు, ఎక్కడినుంచి వెనక్కి రాలేం, ఛార్టర్ పార్టీ (ఓడ అద్దె ఒప్పందం) మీద సంతకం పెట్టేదాకా మన చేతిలోనే ఉన్నట్టా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. సంతకంతో సంబంధం లేదు. ముఖ్యమైన షరతులన్నీ కుదిరి, 'సబ్జెక్ట్స్' (ఇవి తేలాకే ఒప్పందం అని పెట్టుకున్న షరతులు) అన్నీ ఎత్తేశామని మీరు ఈమెయిల్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు, ఒప్పందం అయిపోయినట్టే. బ్రోకర్ పంపే రీక్యాపే, అంటే కుదిరిన షరతుల సారాంశమే, అప్పటినుంచి మీ ఒప్పందం. అచ్చు ఫారం మీద సంతకాలు చాలాసార్లు ఓడ లోడింగ్ మొదలుపెట్టాక, కొన్నిసార్లు ప్రయాణం పూర్తయ్యాక జరుగుతాయి. సంతకం కాలేదు కదా అని తప్పుకోవాలని చూస్తే ఓనర్‌కు నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది.

నేను పదేళ్లకు పైగా సరుకు యజమానుల వైపు ఓడలు ఫిక్స్ (బేరం ఖాయం) చేశాను. నా మొదటి పెద్ద తప్పు చెప్తే మీకు ఎక్కువ ఉపయోగం.

30,000 టన్నుల ఎరువు. ఓనర్‌తో రెండు రోజులు ఫ్రైట్ మీదే పట్టుబట్టాను. టన్నుకు 40 సెంట్లు తగ్గించాడు, అంటే 12,000 డాలర్లు. ఆ సంతోషంలో మిగతా షరతులు పైపైన చూసి 'ఓకే' అనేశాను. డిశ్చార్జ్ (సరుకు దించే) రేటు రోజుకు 5,000 టన్నులు, ఆదివారాలు, సెలవులు మినహా. అంటే లే టైమ్, సరుకు ఎక్కించడానికో దించడానికో మనకిచ్చే సమయం, 6 రోజులు. డెమరేజ్ (లే టైమ్ దాటితే ఓనర్‌కు కట్టేది) రోజుకు 10,000 డాలర్లు. దానికి కింద ఒక చిన్న మాట: ఓడ బెర్తులో (రేవులో సరుకు దించే చోట) ఉన్నా లేకున్నా, సిద్ధంగా ఉన్నానన్న నోటీసు ఇవ్వొచ్చు. ఓడవాళ్లు దాన్ని విబాన్ అంటారు. నేను దాన్ని చదివాను, కానీ దాని బరువు తెలియలేదు.

ఓడ సోమవారం ఉదయం 9 గంటలకు లంగరు వేసి నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇచ్చింది. మా ఛార్టర్ పార్టీ జెన్‌కాన్ 1994 అనే అచ్చు ఫారం. దాని ప్రకారం మధ్యాహ్నం 12 లోపు నోటీసు ఇస్తే 1 గంట నుంచి లే టైమ్ మొదలవుతుంది. బెర్తులో వేరే ఓడ ఉంది. గడియారం మాత్రం ఆగలేదు. ఆదివారం మినహాయించి, తర్వాతి సోమవారం మధ్యాహ్నం 1 గంటకు మా 6 రోజులూ అయిపోయాయి. అప్పటికి హోల్డ్ (ఓడలో సరుకు ఉండే గది) లోంచి ఒక్క కిలో కూడా దిగలేదు. బెర్తు దొరికింది బుధవారం ఉదయం. మధ్యలో వర్షం వచ్చి హ్యాచ్‌లు (హోల్డ్ మూతలు) మూసిన గంటలున్నాయి, ఇంకో ఆదివారం వచ్చింది. లే టైమ్‌లో ఉంటే అవి లెక్కలోంచి పోయేవి. కానీ డెమరేజ్‌లో పడ్డాక వర్షం, ఆదివారం అన్నీ లెక్కలోకే వస్తాయి. సరుకు దించడం ఆ పై బుధవారం మధ్యాహ్నం 1 గంటకు పూర్తయింది. లే టైమ్ అయిపోయిన దగ్గర్నుంచి సరిగ్గా 9 రోజులు. 90,000 డాలర్లు, అంటే టన్నుకు 3 డాలర్లు. నేను గెలిచింది టన్నుకు 40 సెంట్లు.

ఆ లే టైమ్ స్టేట్‌మెంట్ కాగితం నా టేబుల్ మీద పెట్టినప్పుడు, ఒక్కో వరుసలో తేదీ, గంట, 'లెక్కలోకి వస్తుంది' అని వరుసగా ఉన్నాయి. దానిలో కొట్టేయడానికి ఒక్క వరుస కూడా దొరకలేదు. ఓనర్ మోసం చేయలేదు. నేను ఒప్పుకున్నదే అడిగాడు. ఇంకో దెబ్బ ఏమిటంటే, మా కొనుగోలుదారుతో ఉన్న సేల్ కాంట్రాక్ట్‌లో బెర్తు దొరికాకే లే టైమ్ మొదలవుతుందని ఉంది. అందుకే వాళ్ల దగ్గరనుంచి ఆ డబ్బులో కొద్ది భాగమే రాబట్టగలిగాం.

కాబట్టి ఆఫర్‌కు జవాబు రాసే ముందు మీ సేల్ కాంట్రాక్ట్ తీసి పక్కన పెట్టుకోండి. లే టైమ్ ఎప్పుడు మొదలవుతుంది, రోజుకు ఎన్ని టన్నులు, ఏ రోజులు మినహాయింపు, డెమరేజ్ రేటెంత, ఈ నాలుగూ రెండు కాగితాల్లో ఒకేలా ఉన్నాయా చూడండి. లేకపోతే ఆ తేడా మీ జేబులోంచి పోతుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీలో) ఉన్న ఆఖరి షిప్‌మెంట్ తేదీకీ, ఓడ లేకాన్‌కూ (ఓడ లోడింగ్‌కు రావాల్సిన తేదీలకూ) మధ్య కనీసం కొన్ని రోజుల వెసులుబాటు ఉండాలి. లేకాన్ చివరి రోజున ఓడ వస్తే మీరు రద్దు చేసుకోలేరు, కానీ లోడింగ్ అయ్యేసరికి బ్యాంకు గడువు దాటిపోవచ్చు.

ఇక బేరం నడిచే తీరు. ఫర్మ్ ఆఫర్ అంటే ఆ గడువులోగా మీరు ఉన్నదున్నట్టు 'అంగీకరించాం' అంటే ఓనర్ కట్టుబడాలి. చిన్న మార్పు అడిగినా అది కౌంటర్ ఆఫర్ అవుతుంది, పాత ఆఫర్ అక్కడితో చచ్చిపోతుంది. దీనికి ఇంగ్లండ్‌లో 1840 నాటి హైడ్, రెంచ్ కేసు పాతకాలం ఉదాహరణ. పొలం 1,000 పౌండ్లకు అమ్ముతానంటే 950 ఇస్తానన్నాడు కొనేవాడు, అమ్మేవాడు కుదరదన్నాడు. సరే 1,000 ఇస్తానంటే, ఒప్పందం లేదని కోర్టు చెప్పింది. ఓడల బేరంలో మనం రోజూ ఇదే చేస్తాం. 'మీ ఆఫర్ అంగీకరిస్తున్నాం, ఈ కిందివి మినహా' అని రాసి, మార్చాలనుకున్నవాటిని మాత్రమే పేర్కొంటాం. ఓనర్ ఒప్పుకోకపోతే నిన్నటి రేటు పట్టుకుని రమ్మని అడిగే హక్కు మీకు ఉండదు. మార్కెట్ పైకి పోతున్న రోజుల్లో ఇది బాగా నొప్పి పుట్టిస్తుంది.

సబ్జెక్ట్స్ గురించి కూడా గట్టిగా చెప్పాలి. 'సబ్జెక్ట్ స్టెమ్' అంటే ఆ తేదీల్లో సరుకు సిద్ధంగా ఉందని సరఫరాదారు నిర్ధారించాలి. 'సబ్జెక్ట్ షిప్పర్స్, రిసీవర్స్ అప్రూవల్' అంటే ఓడను వాళ్లు ఒప్పుకోవాలి. ఇంగ్లీషు చట్టం కింద ఇలాంటివి మిగిలి ఉండగా సాధారణంగా ఒప్పందమే పుట్టదు. 2022లో ఇంగ్లండ్ కోర్ట్ ఆఫ్ అపీల్ న్యూకాజిల్ ఎక్స్‌ప్రెస్ ఓడ కేసులో, షిప్పర్, రిసీవర్ అప్రూవల్ సబ్జెక్ట్ ఎత్తేయనప్పుడు ప్రధాన ఒప్పందమే కాదు, దానిలోని ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) ఒప్పందం కూడా కుదరలేదని తేల్చింది. అమెరికా చట్టం వేరు. ప్రధాన షరతులు కుదిరాక 'సబ్జెక్ట్ డీటెయిల్స్' (మిగతా వివరాలు ఇంకా తేలాలి) అని ఉన్నా ఒప్పందం కుదిరినట్టే అని అక్కడి కోర్టులు అన్నాయి. అందుకే ఏ దేశం చట్టం, ఆర్బిట్రేషన్ ఎక్కడ అనేది చివర్లో వదిలేయకుండా మొదటి ఆఫర్‌లోనే రాయండి. ప్రతి సబ్జెక్ట్‌కూ ఎప్పటిలోగా ఎత్తాలో గంటతో సహా ఉండాలి.

ఇంకో మాట. చేతిలో ఒక ఓడను సబ్జెక్ట్స్ మీద ఆపి పెట్టి, అదే వేళ తక్కువ రేటుకు ఇంకో ఓడ వెతకడం చాలామంది చేస్తారు. దయచేసి చేయకండి. ఆ గంటల్లో ఓనర్ ఇంకో సరుకు వదులుకుని మీకోసం ఆగాడు. పైగా ఈ వ్యాపారంలో బ్రోకర్లు అందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్లే. మీ పేరు మీద వచ్చే తర్వాతి ఆఫర్‌లో అలా ఆగిన ఖర్చు కలిసే ఉంటుంది.

ఓనర్ నిజంగా ఓనరేనా అన్నది అడగండి. చాలాసార్లు ఆఫర్ ఇచ్చేవాడు ఓడను టైమ్ ఛార్టర్ (కొంత కాలానికి అద్దె) మీద తీసుకుని మళ్లీ మీకు ఇచ్చే డిస్పోనెంట్ ఓనర్. అందులో తప్పేమీ లేదు, కానీ అతను పైవాడికి అద్దె కట్టకపోతే ఆ ఓడ ఓనర్ మీ ఫ్రైట్ మీద హక్కు అడిగి, సరుకు మధ్యలో చిక్కుకోవచ్చు. ఓడ క్లాస్ (ఓడను తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థ), పీ అండ్ ఐ క్లబ్బు (ఓనర్ల బాధ్యతలకు బీమా ఇచ్చే సంఘం) పేర్లు అడిగి, వాళ్ల వెబ్‌సైట్లలో సరిచూసుకోండి. కమిషన్ సంగతి బ్రోకర్‌తోనే తేల్చుకోండి. ఒక్కో బ్రోకర్‌కు 1.25 శాతం అన్నది చాలాచోట్ల కనిపించే మామూలు.

ఫారం విషయంలో ఒక హెచ్చరిక. జెన్‌కాన్ బిమ్‌కో (అంతర్జాతీయ ఓడల సంఘం) వాళ్లది, మొదట 1922లో వచ్చింది, 1976, 1994, 2022లో మార్చారు. ఓనర్ '1994 ప్రకారం' అంటే రెండో క్లాజు చదవండి. సరుకు చెడితే ఓనర్ లేదా అతని మేనేజర్ సొంతంగా జాగ్రత్త తీసుకోకపోతేనే బాధ్యత, సిబ్బంది పొరపాటుకు కాదని దాని సారాంశం. దాన్ని కొట్టేసి, హేగ్-విస్బీ నియమాలు (సముద్ర రవాణాలో సరుకు బాధ్యతపై అంతర్జాతీయ నియమాలు) వర్తిస్తాయని రాయించండి. నేనైతే ఫ్రైట్ బేరం సగంలో ఉన్నప్పుడే ఇది పెడతాను. ధర తేలిపోయాక అడిగితే వింటారు గానీ, మార్చడానికి ఇష్టపడరు.

సాయంత్రం 5 లోగా ఏం రాయాలన్నారు కదా. ముందుగా ఆ 5 గంటలు ఏ ఊరి టైమో బ్రోకర్‌ను అడగండి, మెయిల్‌లో లేకపోతే ఇప్పుడే రాయించండి. తర్వాత ఇలా పంపండి: 'మీ ఆఫర్ అంగీకరిస్తున్నాం, ఈ కిందివి మినహా. ఫ్రైట్ ఇంత. నోటీసు బెర్తులో లేదా బెర్తు ఖాళీ లేనప్పుడు లంగరు దగ్గర ఇవ్వొచ్చు, కానీ లంగరు దగ్గర వేచి ఉన్న సమయంలో సగమే లే టైమ్‌గా లెక్క. జెన్‌కాన్ రెండో క్లాజు బదులు హేగ్-విస్బీ. స్టెమ్, రిసీవర్ అప్రూవల్ రేపు ఫలానా గంటలోగా. జవాబు ఈ రోజు ఫలానా గంటలోగా.' ఓనర్ ఆ సగం లెక్కకు ఒప్పుకోడు అనుకోండి, అప్పుడు బెర్తు ఎన్ని రోజులు ఆగొచ్చో మీ ఏజెంట్‌ను అడిగి, ఆ రోజుల డెమరేజ్‌ను సరుకు టన్నులతో భాగించండి. వచ్చిన అంకె ఫ్రైట్‌కు కలిపి చూస్తే ఆ ఓడ నిజంగా ఎంతకు వస్తుందో తెలుస్తుంది. అది తెలిశాకే 'ఫిక్స్డ్' అన్న మాట రాయండి.