"రోజూనా?" అని అడిగినందుకే స్నేహితుడికి అంత కోపం ఎందుకొచ్చింది?

మీరు రాసినదాన్ని బట్టి జరిగింది ఇది. టొరంటోలో ఉంటున్న మీ స్నేహితుడు అప్పుడప్పుడు గంజాయి తాగుతానని వాట్సాప్ గ్రూపులో మాటవరసకి అన్నాడు. మీరు "రోజూనా?" అని అడిగారు. "నీకు లెక్క చెప్పాలా?" అనేసి అతను గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మీరు మామూలుగానే అడిగారని నేను నమ్ముతున్నాను. కానీ అతని కోపానికీ కారణం ఉండే ఉంటుంది.

మా ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో అచ్చం ఇలాంటి గొడవే అయింది. డెన్వర్‌లో ఉన్నవాడు గంజాయి దుకాణం ముందు దిగిన ఫొటో పెట్టి "మామా, ఇక్కడ కిరాణా కొట్టులా ఉంది" అన్నాడు. నర్సీపట్నంలో ఉన్నవాడు "మీకేంలే మామా, అక్కడ అన్నీ చెల్లుతాయి" అని రాశాడు. ఈలోపు ఇంకొకడు నవ్వు బొమ్మ పెట్టి "ఇంతకీ దమ్ము కొట్టావా లేదా?" అని డెన్వర్‌వాడిని అడిగాడు. ఇక చూసుకోండి. "నేనేమన్నా గంజాయిగాడినా?" అని ఒకడు, "నీతులు చెప్పడానికి తయారైపోతారు" అని ఇంకొకడు. వారణాసిలో ఉద్యోగం చేసేవాడు మధ్యలో దూరి, "ఇక్కడ భంగు సర్కారు లైసెన్సుతోనే అమ్ముతారు, ఎందుకింత రాద్ధాంతం" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. మన దేశ చట్టంలో గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉండే కొసలు. భంగు చేసే ఆకు విడిగా ఉంటే అందులోకి రాదు. కానీ ఆ పూట ఆ మాట అగ్గికి ఆజ్యమే అయింది.

తర్వాత వాళ్ళతో విడివిడిగా ఫోన్లో మాట్లాడాను. నర్సీపట్నంవాడి వీధిలో ఒక కుర్రాడు డిగ్రీ మధ్యలో మానేసి, ఏజెన్సీ నుంచి సరుకు దాటించే బండికి డ్రైవరుగా వెళ్ళి దొరికిపోయాడట. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి 20 కిలోలు దాటితే, నేరం రుజువైనవాళ్ళకు పదేళ్ళకు తగ్గకుండా, ఇరవై ఏళ్ళ దాకా జైలు. పైగా కనీసం లక్ష రూపాయల జరిమానా. బెయిలూ ఓ పట్టాన రాదు. ఆ కుర్రాడి తల్లి వీడి ఇంటికొచ్చి, మంచి లాయరు ఎవరున్నారు బాబూ అని అడిగి వెళ్ళింది. అలాంటి రోజుల్లో ఆ ఫొటో వీడి కంటపడింది. "మీకేంలే" అన్నప్పుడు వాడి మనసులో ఉన్నది ఆ తల్లి. డెన్వర్‌వాడికి అదెలా తెలుస్తుంది?

డెన్వర్‌వాడి భయం వేరు. వాడుండే కొలరాడో రాష్ట్రంలో 2012లో జనం ఓటు వేసి గంజాయిని అనుమతించారు, 2014 జనవరి 1 నుంచి దుకాణాలు తెరిచారు, 21 ఏళ్ళు నిండినవాళ్ళు కొనుక్కోవచ్చు. కానీ వలస వ్యవహారాలు నడిచేది ఫెడరల్ చట్టం, అంటే అమెరికా కేంద్ర చట్టం మీద, అందులో గంజాయికి రాష్ట్రం ఇచ్చిన అనుమతి చెల్లదు. వాడు ఉన్నది హెచ్1బీ ఉద్యోగ వీసా మీద. ఏ కేసూ, శిక్షా లేకపోయినా, గంజాయి వాడానని అధికారి ముందు ఒప్పుకుంటే వీసాకో, దేశంలో అడుగుపెట్టడానికో అనర్హుడు కావచ్చు. అలాంటివాడిని, అందరూ చూసేచోట, రాతపూర్వకంగా "కొట్టావా లేదా" అని అడిగితే ఏం చెబుతాడు? అడిగినవాడికి సరదా, వీడికి గుండెదడ.

మీ స్నేహితుడి సంగతికొస్తే, కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి చట్టం అడ్డులేదు. అంతమాత్రాన భయాలేవీ ఉండవని అనుకోకండి. రేపు అమెరికా సరిహద్దు దాటేటప్పుడు అడగొచ్చు. దానికంటే పెద్ద భయం మన ఇళ్ళే. గ్రూపులోని ఒక్క స్క్రీన్‌షాట్ ఎవరి చేతుల మీదుగానో వాళ్ళ అమ్మ ఫోన్‌కి చేరితే, పెళ్ళి సంబంధం మాట్లాడుతున్న సమయమైతే, ఆ ఇంట్లో ఎంత రభస అవుతుందో మీకు తెలుసు. అప్పుడప్పుడు తాగేవాడు "రోజూ" అన్న మాట చూసి ఉలిక్కిపడ్డాడంటే నాకైతే వింతగా లేదు.

ఇప్పుడు "నువ్వే తప్పుగా అర్థం చేసుకున్నావు" అని మాత్రం రాయకండి. "నేనేమన్నానని?" కూడా వద్దు. మా గ్రూపులో రెండో విడత గొడవ ఈ రెండు వాక్యాలతోనే మొదలైంది. గ్రూపులో కాకుండా అతనికి విడిగా, ఎందుకు అడిగారో ముందు చెప్పండి. ఉదాహరణకి: "అరేయ్, నిన్ను నిలదీద్దామని అడగలేదు. మొన్న నిద్ర పట్టట్లేదన్నావు, అందుకేమో అనిపించింది. మాట్లాడాలనిపిస్తే ఫోన్ చెయ్, లేదంటే ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం." మీ అసలు కారణం వేరేదైతే అదే రాయండి, ఊరికే కుతూహలమైతే అదే చెప్పండి. అతను జవాబివ్వకపోతే వారం ఆగి, వేరే ఏదైనా విషయం మీద ఫోన్ చేయండి. డెన్వర్‌వాడు, నర్సీపట్నంవాడు మళ్ళీ కలిసింది ఓ పెళ్ళికి రైలు టిక్కెట్ల గురించి మాట్లాడుకుంటూనే.

ఇంకొక్క మాట. మీ గ్రూపులో మన దేశంలోనే ఉన్నవాళ్ళెవరైనా నిజంగా మానలేక ఇబ్బంది పడుతుంటే, 14446 జాతీయ ఉచిత హెల్ప్‌లైన్. వాడినందుకో, కిలో లోపు గంజాయితో దొరికో కేసు పడినా, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ ఆ ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఈ సంగతి గ్రూపులో పెట్టకుండా ఆ మనిషికి మాత్రమే చెప్పండి.