ఓపెన్ సోర్స్‌కి మారితే ఖర్చు తగ్గుతుందా? ముందు మీ పాత ఫైళ్లు తెరిచి చూడండి

"చిన్న వ్యాపారం, ఏడెనిమిది కంప్యూటర్లు, ఏటేటా పెరిగే సాఫ్ట్‌వేర్ చందాలు. ఓపెన్ సోర్స్‌కి మారితే నిజంగా డబ్బు మిగులుతుందా, లేక కొత్త తలనొప్పి తెచ్చుకోవడమేనా?" అని అడిగారు. ఓపెన్ సోర్స్ అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచిన, లైసెన్స్ డబ్బు కట్టకుండా ఎవరైనా వాడుకోగల సాఫ్ట్‌వేర్. మిగులుతుంది. అయితే మీరు చందాల కాగితాలు ముందేసుకుని వేస్తున్న లెక్కలో ఆ మిగులు సగం కూడా కనిపించదు.

మాది గుంటూరులో ప్రింటింగ్ ప్రెస్. సీసపు అక్షరాలు ఏరి కూర్చే రోజుల్లో నాన్నగారు పెట్టారు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, సావనీర్లు, అప్పుడప్పుడూ పుస్తకాలు వేస్తాం. ఇప్పుడు మా డీటీపీ పని, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, దాదాపు అంతా స్క్రైబస్ (పేజీలు కూర్చడానికి), ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీయడానికి), గింప్ (ఫోటోలు దిద్దడానికి), లిబ్రేఆఫీస్ (ఉత్తరాలకి, లెక్కల పట్టీలకి) అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల మీదే నడుస్తోంది. నాకు తెలిసింది ప్రెస్సు వ్యవహారమే. అయినా మీది బట్టల కొట్టయినా, క్లినిక్ అయినా అసలు సంగతి ఇదేనని నా గట్టి నమ్మకం.

ముందు ఎవరూ పైకి అనని మాట ఒకటి చెప్పాలి. మన ఊళ్లలో చాలా షాపులకి సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. కంప్యూటర్ అమ్మినవాడే క్రాక్ వెర్షన్లన్నీ, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీలన్నీ, ఎక్కించి ఇస్తాడు. అలాంటి యజమాని దగ్గరికెళ్లి ఓపెన్ సోర్స్ చవక అంటే "నాకెక్కడ ఖర్చవుతోందండీ?" అంటాడు. జేబు లెక్కలో ఆయన మాట నిజమే. చట్టం లెక్క వేరు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద, తెలిసి దొంగ కాపీని కంప్యూటర్లో వాడితే 7 రోజులకి తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. దానికి తోడు క్రాక్‌తో పాటు వచ్చే వైరస్సులు. సీజన్‌లో శుభలేఖల ఫైళ్లన్నీ లాక్ అయిపోయి తల పట్టుకున్న ప్రెస్సువాళ్లని నేను చూశాను. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి క్రాక్‌తో పోల్చి "ఓపెన్ సోర్స్‌లో ఆ ఫీచర్ లేదు, ఈ ఫీచర్ లేదు" అనేవాళ్లతో నేను వాదించను. డబ్బు కట్టి కొన్నదానితో పోల్చి చెప్పమంటాను.

ఇక మేం ఎందుకు మారామంటే, ఒక పుస్తకం వల్ల.

ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తమ ఊరి చరిత్ర రాశారు. నాన్నగారు ఉన్నప్పుడు మా ప్రెస్సులోనే వేశాం. చాలా ఏళ్ల తర్వాత, మనవరాలి పెళ్లికి వచ్చే చుట్టాలకి తలా ఒకటి ఇవ్వాలని మాస్టారు రెండో ముద్రణకి వచ్చారు. మా పెద్ద ఆపరేటర్‌ని నేను చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన "ఏముంది మాస్టారూ, ఫైలు మన దగ్గరే ఉంది, వారంలో ఇచ్చేద్దాం" అని మాట ఇచ్చేశారు. సీడీ దొరికింది. ఫైలూ తెరుచుకుంది. తెర మీద మాత్రం తెలుగు లేదు. టోపీలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, అరా పావూ భిన్నాలు బారులు తీరి ఉన్నాయి.

అప్పటి తెలుగు ఫాంట్లు అలాగే చేసేవారు. ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చేవారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. ఫాంటు ఉంటేనే అది తెలుగు. మాది డాంగిల్ అనే లైసెన్స్ తాళం కంప్యూటర్‌కి గుచ్చితేనే పనిచేసే ఫాంటు. ఆ డాంగిల్ పట్టే పోర్టు కొత్త కంప్యూటర్లకి లేదు, పాత కంప్యూటర్ మదర్‌బోర్డు ఎప్పుడో పోయింది. ఫాంట్లు అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ కొనుక్కోమన్నారు. కొంటే ఈ ఫైలు సరిగ్గా వస్తుందా అంటే గ్యారంటీ లేదన్నారు.

మాస్టారు కుర్చీ ముందుకి జరుపుకుని తెర వంక చాలాసేపు చూశారు. "ఇందులో నా పుస్తకం ఉందంటావా అమ్మా?" అని అడిగారు. "ఉంది మాస్టారూ, తాళం చెవి మన దగ్గర లేదు" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

చివరికి పాత అక్షరాల్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండి ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్ ఒకటి పట్టుకుని మేటర్ లాగాం. చాలా వరకు వచ్చింది, క్రావడి ఉన్నచోట మాత్రం దెబ్బతింది. ఊరి చరిత్ర కదా, పుస్తకం నిండా "గ్రామం" అన్న మాటే. ఆ క్రావడి పక్క అక్షరానికి తగులుకుని ప్రతిచోటా "గామ్రం" అయి కూర్చుంది. అది ఒక్కసారిలో వెతికి మార్చేశాం. ఇంటిపేర్లు, చెరువుల పేర్లు, శాసనాల్లోని మాటలు అలా కుదరవు. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి ఎర్రసిరా పెన్నుతో ప్రూఫు దిద్దేవారు. ఆ వయసులో తన పుస్తకాన్ని తనే మళ్లీ దిద్దుకోవాల్సి వచ్చింది. పుస్తకం బైండింగ్ అయ్యి చేతికొచ్చేసరికి పెళ్లి అయిపోయింది, చుట్టాలు ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

దాంతో ప్రెస్సులో ఒక నియమం పెట్టాం. ఇకమీదట మేటర్ ఏదైనా యూనికోడ్‌లోనే టైపు చెయ్యాలి. ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మాత్రమే తెరవగలిగే రూపంలో ఏ ఫైలునీ దాచకూడదు. ఓపెన్ సోర్స్ ఆ నియమం వెనకే వచ్చింది. ఖర్చు తగ్గడం దాని వెనక వచ్చింది. మీరూ ఈ వరసలోనే వెళ్లండి. ముందు ఖర్చు తగ్గించాలని మొదలుపెడితే, మొదటి ఇబ్బందికే "ఆ చందా ఏదో కట్టేద్దాం" అనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. కానీ ఆ ఫైళ్లు తెరిచే సౌకర్యం లిబ్రేఆఫీస్‌లోని డ్రా అనే భాగంలో 4.4 వెర్షన్ నుంచి, అంటే 2015 నుంచి ఉంది. ఎవరో పూనుకుని ఆ ఫార్మాట్ లోపల ఏముందో విప్పి రాశారు. బొమ్మలు గీసే కోరల్‌డ్రా ఫైళ్లు కూడా అందులో తెరుచుకుంటాయి, అన్నీ నూటికి నూరుపాళ్లు రావు. మా పాత సీడీల్లో సగం ఇలాగే బయటపడ్డాయి.

మార్పులో అసలు కష్టం సాఫ్ట్‌వేర్ దగ్గర రాలేదు, కీబోర్డు దగ్గర వచ్చింది. బాబాయ్ "ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటావో పెట్టుకో అమ్మా, నా కీబోర్డు మాత్రం మార్చకు" అన్నారు. ఆయనది యాపిల్ లేఅవుట్, ఏ మీటకి ఏ తెలుగు అక్షరమో చెప్పే అమరికల్లో ఒకటి. తెర చూడకుండా, పక్కవాళ్లతో మాట్లాడుతూ కూడా కొడతారు. ఆయన్ని ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక నేర్చుకోమంటే ఇన్నేళ్ల వేగాన్ని వదులుకోమన్నట్టే. వెతికితే తెలిసింది, విండోస్ బదులు వాడే ఓపెన్ సోర్స్ సిస్టమ్ లినక్స్‌లో, టైపింగ్‌కి వాడే ఐబస్, ఎం17ఎన్ అనే ఏర్పాట్లలో తెలుగుకి యాపిల్ లేఅవుట్ ఉచితంగానే ఉంది. పెట్టి ఇస్తే ముందుగా "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని కొట్టారు. శుభలేఖకి ఎప్పుడూ మొదట కొట్టే వరస అదే. వత్తులన్నీ సరిగ్గా పడ్డాయో లేదో కళ్లజోడు తీసి దగ్గరగా చూసుకుని, ఇంకేం మాట్లాడకుండా పక్కనున్న బిల్లు బుక్కు పని అందుకున్నారు. ఆయన ఒప్పుకున్నారంటే ప్రెస్సు మొత్తం ఒప్పుకున్నట్టే.

ఫాంట్ల సంగతీ అంతే. ఒకప్పుడు అందమైన తెలుగు ఫాంటు కావాలంటే కొనాలి, లేదా దొంగిలించాలి. ఇప్పుడు సిలికానాంధ్ర సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేయించిన యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్స్ మీద దొరుకుతున్నాయి. మేం పుస్తకం లోపలి మేటర్‌కి మండలి, హెడ్డింగులకి రామభద్ర, శుభలేఖల మీద పేర్లకి రవిప్రకాష్ వాడతాం. గురజాడ, సూరన్న, తిమ్మన, ధూర్జటి, మల్లన్న ఇలా ఇంకా ఉన్నాయి. ఇంత చక్కటి ఆస్తి చేతిలో ఉండగా, ఇప్పటికీ మేటర్ పాత ఫాంట్లలో కొట్టి, ప్రింటు తీసి, దాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్ అని పంపించే ఆఫీసులు ఉన్నాయి. చూస్తే కడుపు మండిపోతుంది. అందులో ఒక్క మాట వెతకడానికి ఉండదు, ఒక్క పేరు కాపీ చేసుకోవడానికి ఉండదు. ఇంజనీరింగ్ చదివి వచ్చే పిల్లలకి పైథాన్ వస్తుంది, సొంత పేరు తెలుగులో టైపు చెయ్యమంటే రాదు. సరే, అది వేరే ప్రశ్నకి రాయాల్సిన జవాబు.

ఇబ్బందులు లేవని చెప్పను. స్క్రైబస్ 1.4 వరసలో తెలుగు పెడితే వత్తులు విడిపోయేవి. అక్షరాలు సరిగ్గా కూర్చే ఏర్పాటు 2017లో 1.5.3తో వచ్చింది, 2024 జనవరిలో 1.6తో స్టేబుల్ వెర్షన్‌లోకి చేరింది. అంతకుముందు ప్రయత్నించి వదిలేసినవాళ్లు ఇప్పటికీ "తెలుగు రాదండీ" అనే చెబుతుంటారు. గింప్, ఇంక్‌స్కేప్ పని చేసేది ఆర్‌జీబీలో, అంటే తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో. ఆఫ్‌సెట్‌కి కావాల్సిన నాలుగు రంగుల విభజన మేం చివర్లో స్క్రైబస్‌లోనే చేసి ప్లేట్లకి పీడీఎఫ్ పంపుతాం. మేటర్ ఇంక్‌స్కేప్‌లో పెట్టారంటే నల్ల అక్షరం నాలుగు రంగుల్లోకీ చీలిపోయి, రిజిస్ట్రేషన్ (నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి తప్పినా అంచులు రంగురంగులుగా కనిపిస్తాయి. అందుకే అక్షరం స్క్రైబస్‌లోనే, నలుపు ఒక్క ప్లేటులోనే. ఈ ఒక్క నియమం గోడ మీద అంటించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అన్నీ మార్చాలన్న పంతం కూడా వద్దు. మా దగ్గర విండోస్ కంప్యూటర్ ఒకటి డబ్బు కట్టి కొన్న లైసెన్సులతో ఇప్పటికీ ఉంది. ట్యాలీ అందులోనే ఉంటుంది, జీఎస్టీ రిటర్నుల డిజిటల్ సంతకం టోకెన్ అందులోనే గుచ్చుతాం. ఆడిటర్ గారు ట్యాలీ డేటా అడుగుతారు, మనం వేరేది ఇస్తే ఆయన ఫీజు పెంచుతారు, అక్కడ మిగిలింది ఇక్కడ పోతుంది. మీది కాస్త పెద్ద వ్యాపారమైతే, స్టాకు, బిల్లింగ్, జీతాలు అన్నీ ఒకచోట కావాలనుకుంటే ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ చూడండి, అది ఓపెన్ సోర్సే. నలుగురు పనిచేసే షాపుకి అంత అవసరం లేదు.

ఈ మాట ఎత్తగానే ఎవరో ఒకరు మ్యూనిక్ పేరు తీస్తారు. నిజమే, జర్మనీలోని ఆ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించి, 2017లో మళ్లీ విండోస్‌కి వెళ్లాలని ఓటేసింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30 వేల కంప్యూటర్లని లిబ్రేఆఫీస్‌కి మార్చాలని నిర్ణయించిన సంగతి మాత్రం వాళ్లు చెప్పరు. అంత దూరం ఎందుకు, కేరళలో జనయుగం అనే మలయాళ దినపత్రిక 2019లో పేజీల తయారీ మొత్తం స్క్రైబస్, గింప్, ఇంక్‌స్కేప్ మీదకి తెచ్చుకుంది. కుబుంటు అనే ఒక రకం లినక్స్ ఆధారంగా తమ సొంత సిస్టమ్ కూడా చేయించుకున్నారు. రోజూ అర్ధరాత్రి గడువుతో నడిచే పేపరుకి కుదిరిన పని మన శుభలేఖలకి, బిల్లు బుక్కులకి కుదరదంటే నేను నమ్మను.

డబ్బు గురించి కదా అడిగారు, అదీ చెబుతాను. మాకు మిగిలిన దాంట్లో పెద్ద వాటా మనుషులకే వెళ్లింది. కొత్త పద్ధతి ముందుగా నేర్చుకున్న అమ్మాయికి జీతం పెంచాం, మిగతావాళ్లకి నేర్పే పని ఆమెదే. బ్యాకప్‌కి రెండు హార్డ్ డిస్కులు కొన్నాం, ఒకటి ప్రెస్సులో, ఒకటి ఇంట్లో. లిబ్రేఆఫీస్, స్క్రైబస్ వాళ్లకి వీలైనప్పుడు విరాళం పంపుతాం, ఎవరూ అడగకపోయినా. ఉచితమని పెట్టేసి, నేర్చుకోవడానికి ఆపరేటర్లకి సమయం కూడా ఇవ్వని యజమానులే మూడు నెలల్లో వెనక్కి పోతారు. ఆపైన తప్పు సాఫ్ట్‌వేర్ మీద వేస్తారు.

మీరు మొదలుపెట్టాలంటే కంప్యూటర్లు కదిలించకండి. ఇప్పుడున్న విండోస్ మీదే లిబ్రేఆఫీస్ పెట్టి, మీ షాపులో అన్నిటికంటే పాత ఫైళ్లు ఓ పది అందులో తెరవండి. ఎన్ని తెరుచుకున్నాయో, ఎన్నిటిలో తెలుగు చెడిందో రాసుకోండి. చెడినవాటిని పాత సాఫ్ట్‌వేర్ బతికుండగానే యూనికోడ్‌లోకి తెచ్చుకోండి, ఆ పనిని మాత్రం వాయిదా వెయ్యకండి. ఆ తర్వాత ఒక్క కంప్యూటర్ మార్చండి, అదీ సీజన్ కాని మూఢంలో. మీది హైదరాబాద్ చుట్టుపక్కలైతే స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లని అడగండి, తెలుగులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు. మీరు చేసేది ఏ వ్యాపారమో, చందాలు ఏ సాఫ్ట్‌వేర్లకి కడుతున్నారో కింద రాస్తే ఏది మార్చొచ్చో, ఏది వదిలెయ్యాలో నాకు తెలిసినంతలో చెబుతాను.