చిన్నా, పాలసీ మీద పేరు చూశావా?

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు కారు మారుస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. విశాఖపట్నంలో ఎవరిదో మూడేళ్లు దాటిన కారు చూశావట, బేరం కూడా కుదిరిందట. విన్నాక ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలుబండిలో కిటికీ పక్క చోటు కోసం ఏడ్చి గోల చేసిన గుంటడివి, ఇవాళ రాయగడలో ఉద్యోగం చేసుకుంటూ సొంత డబ్బుతో రెండో కారు కొంటున్నావు. మీ తాతగారు ఉండుంటే ఈ పాటికి బజారంతా చెప్పి వచ్చేవారు.

కానీ మీ అమ్మ అక్కడితో ఆగలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటు లెక్క విని నీకు కోపం వచ్చిందట కదా. పాత కారుకి నాలుగున్నర వేలు కట్టేవాడివి, దీనికి పద్దెనిమిది వేలు అంటున్నాడు, ఇది దోపిడీ అన్నావట. "అమ్మినాయన పాలసీకి ఇంకా నెలన్నర గడువుంది, అప్పటిదాకా దాంతో తిరుగుతాను, ఆ తర్వాత థర్డ్ పార్టీ ఒక్కటి కట్టేస్తాను" అన్నావట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోన్ చేస్తే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

ముందు ఆ డబ్బు ఎందుకు పెరిగిందో చెప్తాను. ప్రీమియంలో రెండు భాగాలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ. నీ కారు వల్ల ఎదుటి మనిషికో, ఎదుటి బండికో నష్టం జరిగితే ఇచ్చేది. ఈ రేటు ఏజెంటు చేతిలో లేదు, కంపెనీ చేతిలో లేదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 3,416, అది దాటితే 7,897. బండి కొత్తదా పాతదా అని చూడరు, ఇంజిన్ సైజు ఒక్కటే చూస్తారు. నీ పాతది 800 సీసీ, ఇది 1200. కాబట్టి ఇక్కడ పెరిగింది 1,322 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంతే.

మిగిలిన పెరుగుదలంతా రెండో భాగంలో ఉంది. దాన్ని ఓన్ డ్యామేజ్ అంటారు. నీ కారుకి దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకుపోయినా, వరదలో మునిగినా నీకొచ్చే డబ్బు. దీనికి కారు విలువే ఆధారం. ఆ విలువని ఐడీవీ అంటారు. ఆ మోడల్‌కి కార్ల కంపెనీ ప్రకటించిన ధరలోంచి వయసుని బట్టి తగ్గిస్తారు. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. అయిదేళ్లు దాటాక నువ్వూ ఇన్సూరెన్స్ కంపెనీ మాట్లాడుకుని ఒక అంకె అనుకోవాలి. నీ పాత కారు విలువ తొంభై వేలకి దిగిపోయింది. ఈ కారు ధర తొమ్మిది లక్షలైతే నలభై శాతం తీసేసినా అయిదు లక్షల నలభై వేలు. తొంభై వేల వస్తువుని కాపాడే పూచీకి, అయిదున్నర లక్షల వస్తువుని కాపాడే పూచీకి ఒకే డబ్బు ఎలా తీసుకుంటారు నాన్నా? పైగా ఇప్పటి కార్లలో బంపర్ అంటే వట్టి ప్లాస్టిక్ రేకు కాదు, లోపల సెన్సార్లు ఉంటాయి. హెడ్‌లైటు పగిలితే బల్బు మార్చి ఊరుకునే రోజులు పోయాయి, మొత్తం సెట్టే మార్చాలి. బాగు చేయించే ఖర్చు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. ఈ భాగంలో ఒక్కో కంపెనీది ఒక్కో రేటు, కాబట్టి రెండు మూడు చోట్ల అడుగు.

ఒక్క మాట. ఏజెంటు "ఐడీవీ కాస్త తగ్గించి రాస్తాను సార్, ప్రీమియం తగ్గుతుంది" అంటాడు. ఒప్పుకోకు. కారు పోయినరోజున చేతికొచ్చేది ఆ అంకే.

నీకు తెలియకుండా పోతున్న డబ్బు ఇంకొకటి ఉంది, నో క్లెయిమ్ బోనస్. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. తర్వాత 25, 35, 45, అయిదేళ్లకి 50. నువ్వు అయిదేళ్లుగా ఒక్క క్లెయిమూ చేయలేదని నాకు తెలుసు, గుణుపురంలో సైకిల్ తగిలి పడిన గీత కూడా నువ్వే పాలిష్ పెట్టి రుద్దుకున్నావు. ఆ యాభై శాతం నీది, కారుది కాదు. పాత కారు అమ్మేటప్పుడు ఆ కాగితాలు చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్, అంటే ఈ బోనస్ నీకుందని రాసిచ్చే కాగితం, తీసుకో. మూడేళ్ల వరకు చెల్లుతుంది. కొత్త కారు పాలసీకి దాన్ని పెట్టుకుంటే, ఏజెంటు చెప్పిన ఓన్ డ్యామేజ్ లెక్క సగానికి దిగుతుంది. ఆ విశాఖ ఆయనకున్న బోనస్ మాత్రం నీకు రాదు. పాలసీ నీ పేరుకి మార్చినప్పుడు ఆయన పొందిన తగ్గింపులో మిగిలిన రోజులకి పడే భాగం నీ దగ్గర వసూలు చేస్తారు. అది చూసి మళ్లీ దోపిడీ అనకు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీని గురించి మన ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోం. నీకప్పుడు సగమే చెప్పాం.

2018 ఆగస్టులో మీ మావయ్య బరంపురంలో ఒకాయన దగ్గర మూడేళ్ల కారు కొన్నారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత తీసి కొన్నారు. వెండి రంగు కారు. రోజూ పొద్దున్నే బకెట్ నీళ్లు, పాత బనీను గుడ్డ పట్టుకుని అద్దాలు తుడిచేవారు. సెప్టెంబరుకి ఆర్సీ ఆయన పేరు మీదకి వచ్చేసింది. ఇంట్లో కాగితాల పని నాది కదా. ఇన్సూరెన్స్ కాగితం నా చేతికిచ్చి "చూసి పెట్టు" అన్నారు. చూశాను. మార్చి దాకా గడువుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్రంకు పెట్టెలో పట్టా కాగితాల కింద దాచాను. ముప్పై ఏళ్లు బళ్లో హాజరు పట్టీలో పేర్లు చదివినదాన్ని, ఆ కాగితం మీద తేదీ చదివాను, డబ్బు చదివాను, పేరు చదవలేదు. బరంపురం ఆయన పేరు అలాగే ఉంది.

అక్టోబరులో నవరాత్రులు అప్పుడే మొదలయ్యాయి. పదో తేదీ రాత్రి గాలి లేచింది. తిత్లీ తుఫాను పదకొండు తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, కానీ మాకు ఆ రాత్రంతా అది మా ఇంటి మీదే ఉన్నట్టుంది. తలుపు గడియ ఊడిపోకుండా మీ మావయ్య రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టారు. తెల్లవారాక చూస్తే పెరటి మామిడిచెట్టు వేళ్లతో సహా లేచి కారు మీద పడుంది. పైకప్పు సీట్ల మీదకి దిగిపోయింది. ముందద్దం పగిలి, డాష్‌బోర్డు మీద ఆయన అంటించుకున్న జగన్నాథస్వామి బొమ్మ మీద మామిడాకులూ మట్టీ. ఆయన ఒక్కో ఆకూ తీసి పక్కన పెడుతూ నిలబడ్డారు. వాన ఇంకా పడుతూనే ఉంది, లోపలికి రమ్మంటే రాలేదు.

ఆ వానకే మన గజపతి జిల్లా కొండల్లో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. వాళ్ల ముందు మాదేం నష్టం అనుకున్నాం, నిజంగానే అనుకున్నాం. ఇన్సూరెన్స్ ఉంది కదా అన్న ధైర్యం కూడా ఉంది. దారులు తెరిచాక ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు వచ్చాడు, ఫోటోలు తీసుకున్నాడు, పాలసీ అడిగాడు. నేనే ట్రంకు పెట్టె తెరిచి ఇచ్చాను. అతను ఆర్సీ ఒక చేత్తో, పాలసీ ఒక చేత్తో పట్టుకుని రెండు సార్లు మార్చి మార్చి చూశాడు. "అమ్మా, రెండిటి మీదా వేరే వేరే పేర్లున్నాయి" అన్నాడు. అప్పుడు చదివాను నేను.

నెల తిరగకుండా కంపెనీ ఉత్తరం వచ్చింది. క్లెయిమ్ ఇవ్వలేమని. వాళ్ల మాటలో తప్పు లేదు, తర్వాత అన్నీ తెలుసుకున్నాను. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం కొన్నవాడికి దానంతటదే వెళ్తుంది. ఓన్ డ్యామేజ్ అలా వెళ్లదు. పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. అమ్మినాయనకి ఆ బండిలో ఇక హక్కు లేదు, మా పేరు పాలసీలో లేదు. నష్టపోయింది ఎవరని ఇస్తారు? ఒక ఫారం, కొద్దిపాటి రుసుము, ఒక్క పూట పని. అది చేయనందుకు కారు బాగు చేయించడానికి లక్షా ముప్పై వేలు మా చేతి నుంచి పోయాయి. అవి సరిపోక చివరికి ఆ కారు తుక్కు బేరానికి ఇచ్చేశాం.

మీ మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చలికాలం మోకాళ్ల నొప్పి చూపించుకోడానికి బరంపురం బస్సులో నిలబడి వెళ్లొచ్చేవారు. రాత్రి పదింటికి గేటు చప్పుడయ్యేది, నేను లేచి అన్నం వేడి చేసేదాన్ని. ఆయన తిడితే బావుండునని చాలాసార్లు అనుకున్నాను.

అందుకే చిన్నా, ఆ నెలన్నర మాట విని నాకు గుండె ఆగినంత పనయింది. ఆ నెలన్నర గడువు నీది కాదు, ఆయనది. ఆర్సీ పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలైన రోజే పాలసీ పేరు మార్పుకి కూడా దరఖాస్తు పెట్టు. మనది సరిహద్దు కాబట్టి నీకు ఇంకో మెలిక ఉంది. అది ఆంధ్రా నంబరు. అక్కడ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకుని ఇక్కడ పన్ను కట్టి ఒడిశా నంబరు వేయించాలి. నంబరు మారగానే పాలసీలో కూడా కొత్త నంబరు ఎక్కించు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు అక్షరం అక్షరం సరిచూడు. గంజాం నుంచి కోరాపుట్ దాకా ఏపీ నంబరు బళ్లు ఏళ్ల తరబడి అలాగే తిరుగుతున్నాయని నాకు చెప్పకు. ఊళ్లో అందరూ చేస్తున్నారని నువ్వు చేయాలా?

థర్డ్ పార్టీ ఒక్కటి చాలన్న మాట నీ నోట మళ్లీ రాకూడదు. చట్టానికి అది చాలు, పోలీసుకి అది చాలు. నువ్వు నెలకి రెండు సార్లు రాయగడ నుంచి గుణుపురం, కాశీనగర్ మీదుగా రాత్రి పూట వస్తావు. ఆ దారిలో చెట్లు చూశావా? వంశధార పొంగితే రోడ్డు ఎక్కడుందో తెలుస్తుందా? దారిలో నీళ్లు కనబడితే ఆగిపో. ఒకవేళ నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకు. నీళ్లు లోపలికి లాగి ఇంజిన్ పాడైతే మామూలు పాలసీలో ఇవ్వరు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా ఉంటుంది, కొంచెం ఎక్కువైనా వేయించుకో. జీరో డెప్రిసియేషన్ కూడా వేయించు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే ఇస్తారు, ఈ వయసు కారు ఇనుప భాగాల్లో పాతిక శాతం కోస్తారు. బోనస్ విషయంలో మాత్రం ఉన్నదే చెప్పు. లేనిది ఉందని రాస్తే వాళ్లు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటారు.

మీ అమ్మ నీ పెళ్లి ఖర్చుకి దాచుకున్న దాంట్లో కారుకి ఇస్తానందట. తీసుకోకు. ప్రీమియంకి తక్కువైతే నన్ను అడుగు, నా పెన్షన్ ఉంది. తిరిగి ఇమ్మని అడగను.

మీ మావయ్య పక్కనే కూర్చుని ఉన్నారు. టైర్లు చూసుకోమను, స్టెప్నీ కూడా దించి చూడమను అంటున్నారు. పనసకాయ దిగింది, నువ్వు వస్తే ఆవపెట్టి పొట్టుకూర చేస్తాను. పగలే బయల్దేరు.

పాలసీ చేతికి రాగానే మొదటి పేజీ ఫోటో తీసి నా వాట్సాప్‌కి పంపు. అద్దాలు పెట్టుకుని పేరు నేనే చదువుతాను.

నీ అత్త