చెవులకు గుచ్చుకునే ట్రెబుల్

ప్రశ్న: మా హాల్లోని స్టీరియోలో వయొలిన్, తాళాల ధ్వనులు చెవులకు గుచ్చుకుంటున్నాయి. నా చెవులు సున్నితం. స్పీకర్లు మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని ధ్వనులను పలికించే చిన్న భాగం) నుంచి వచ్చే ధ్వనులు చాలావరకు సూటిగా ముందుకే ప్రసరిస్తాయి కనుక, స్పీకర్లు మీ చెవులకేసి చూడకుండా వాటిని కాస్త పక్కకు తిప్పండి; ఖర్చులేని పని ఇదే. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలను అన్నిటికన్నా తీక్షణంగా గ్రహిస్తుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, అద్దాల కిటికీలు ఉన్న గదిలో అవి పదేపదే పరావర్తనం చెంది మరింత కరకుగా వినిపిస్తాయి కాబట్టి, స్పీకర్లకూ మీకూ మధ్య మందపాటి తివాచీ పరచి, కిటికీలకు బరువైన తెరలు వేయండి. అప్పటికీ తగ్గకపోతే యాంప్లిఫయర్‌లో ట్రెబుల్‌ను (అంటే సన్నని ధ్వనుల స్థాయిని) 2 లేదా 3 డెసిబెల్స్ తగ్గించవచ్చు. ఖరీదైన కేబుళ్ల మీద మాత్రం డబ్బు పోయకండి. గిన్నెల చప్పుడు వంటి మామూలు శబ్దాలు కూడా బాధిస్తుంటే చెవి వైద్యులను సంప్రదించడం మంచిది.